రెండో పాటకి ఎసరు

ఉల్లివీధిలో మేడ మీది రెండు గదులు మావి.
ముందు గదిలో, బీరువాకి అటొకటి ఇటొకటి,
పనసచెక్క పెట్టెల్లో నా స్పీకర్లు.
వడ్రంగి గున్నేసు మూడు నెలలు తిప్పించుకుని చేశాడు.
"పెట్టెలో పెడితే పాట సచ్చిపోదేటి బాబూ" అని
రంపం ఆపి మరీ నవ్వేవాడు.

చావలేదు.
తంబుర మొదలవగానే
అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి
సన్నగా ఔనంటాయి.
మృదంగం తొప్పి మీద పడ్డ దెబ్బ
నేలలోంచి నా అరికాళ్లలోకి వస్తుంది.
చెవులతోనే వింటామని ఎవరన్నారు?

సుభాషిణికి ఘోషాసుపత్రిలో నైట్ డ్యూటీ పడింది.
ఘోషా అంటే పరదా అట, వెనకటి మాట.
ఆమెకి మాత్రం ఘోష అంటే ఘోషే.
ఒక్క రాత్రిలో తొమ్మిది కాన్పులు,
తొమ్మిది మొదటి ఏడుపులు,
వరండాలో చుట్టాల కీచులాటలు.
పొద్దున్న ఏడున్నరకి చెప్పులు విడిచి
"కాసేపు ఏ చప్పుడూ వద్దు" అని
గోడవైపు తిరిగి పడుకుంటుంది.
నేను పాట వినేదీ ఆ వేళే.
కళ్లజోళ్ల కొట్టు తాళం తీసేది పదింటికి.

అందుకని హెడ్‌ఫోన్ కొన్నాను.
గంటస్తంభం దగ్గర షాపులో కుర్రాడు
నా తలకి తొడిగి అద్దం చూపించాడు,
టోపీ అమ్ముతున్నట్టు.

నిజం చెప్పాలి, మొదటిరోజు భయమేసింది.
పల్లవికి ముందు ఆవిడ పీల్చిన ఊపిరి
నా బుర్రలోనే పీల్చినట్టుంది.
ఇరవయ్యేళ్లుగా వింటున్న కచేరీలో
వయొలిన్ ఆయన మోకాలు మార్చుకుంటే
వేదిక చెక్క కిర్రుమంటుందని
నాకిప్పుడా తెలియడం!
ఎవరో దగ్గబోయి మింగేసిన దగ్గు కూడా దొరికింది.

కానీ ఆ పాట
కొబ్బరికాయలో నీళ్లలాంటిది.
ఊపుకుంటే నాకే తెలుస్తుంది.
పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, వినలేదు.
గ్యాసు బండ కుర్రాడు తలుపు కొట్టి కొట్టి పోయాడు.
రోజూ చరణం మధ్యలో దూరే గూడ్సు కూత
రాకపోయేసరికి
తిట్టుకోడానికి కూడా ఎవరూ లేరనిపించింది.

నాలుగోనాడు కింద వాటా సన్యాసమ్మ
మెట్లెక్కి, మోకాళ్లు పట్టుకుని, గుమ్మంలో నిలబడింది.
పెదాలు కదులుతున్నాయి. చెవులు విప్పాను.

"ఏటి బాబూ, ఒంట్లో బాగోనేదేటి?
పాట రాటం నేదు.
రెండో పాటకి ఎసరు పెడతాను,
నాలుగోదానికి గంజి వారుత్తాను.
నాల్రోజులై అన్నం అంబలైపోతంది.
మా ముసలోడు కంచం తోసేత్తన్నాడు."

ఎనిమిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం.
"ఏ పాట బాగుంటుందమ్మా నీకు?" అన్నాను,
కాస్త గర్వంగానే.
"పాటలు నాకేటి తెలుసు బాబూ" అంది.
"కుక్కరు కూతంటే బెదురు, అంతే."

ఆవిడ మెట్లు దిగుతుంటే నిలబడిపోయాను
రెండు చేతుల్లో రెండు చెవులు పట్టుకుని.
అందులోంచి పాట
చీమ గొంతుతో వస్తూనే ఉంది.

మర్నాడు
ఎడమ స్పీకరుని నేల మీద బోర్లించాను.
పైన పాత బొంత కప్పాను.
గున్నేసు చూస్తే చెయ్యి చేసుకునేవాడు.
పాటలో మాటలన్నీ బొంతలో ఇంకిపోయాయి,
దరువు ఒక్కటే గచ్చులోకి దిగింది.
నేను హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను, కుడిచెవికే.
సిగ్గుగా ఉంది, ఇంత సంగీతం విని
చివరికి ఇలా ముక్కలు పంచుతున్నందుకు.

లోపలి గదిలోకి తొంగి చూశాను.
మంచం కోళ్లలోంచి ఏం పాకిందో,
దుప్పటి బయట సుభాషిణి కాలి బొటనవేలు
ఒక అక్షరం ఆలస్యంగా
తాళం వేస్తోంది.
నిద్రలోనో, మెలకువలోనో. అడగలేదు.

కింద నుంచి గంజి వాసన వచ్చింది.

ఇంకా మూడో పాటే.